చేదు వచ్చే దారి, పోయే దారి

గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, పెద్దాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ‘‘ముందు ముక్కు. నోరు తర్వాత’’ అన్నాడు జర్మన్‌లో. మా మేనల్లుడు దాన్ని తెలుగులో చెప్పేలోపే గ్లాసు నా ముక్కు దగ్గరికి వచ్చేసింది.

బ్రెమెన్‌లో మేనల్లుడి దగ్గరికి వెళ్లి అప్పటికి పది రోజులు. వాళ్ల పై వాటాలో ఉండే ఈ పెద్దాయన జీవితమంతా బీరు తయారీలోనే పనిచేసి రిటైరయ్యాడు. బీర్లకు మార్కులు వేసే బల్లల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి. ‘‘మా మావయ్య పత్రికకు రాస్తారు, పిల్స్ బీరు సంగతి తెలుసుకోవాలట’’ అని మావాడు చెప్పగానే, ఆదివారం సాయంత్రం తన వంటగదికి రమ్మన్నాడు. ఆ రోజు కాఫీ తాగొద్దు, సెంటు పూసుకోవద్దు, మధ్యాహ్నం కారం తినొద్దు అని ముందే కబురు పంపాడు. మూడో షరతు కోసం మేమిద్దరం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం.

బల్ల మీద నీళ్ల జగ్గు, తెల్ల బ్రెడ్డు ముక్కలు, కాగితాలు, పెన్సిళ్లు. ఒక్కొక్కరి ముందు నాలుగు గ్లాసులు. ఒక్కోదాంట్లో నాలుగైదు గుక్కలకు మించి లేదు. సీసాలు ఎక్కడా కనబడలేదు. గ్లాసు కింద అంకె వేసిన చీటీ మాత్రం ఉంది. పేరు తెలిస్తే నాలుక ఆ పేరునే రుచి చూస్తుందని ఆయన అన్నాడు. పోటీల్లోనూ పేర్లు దాచిపెట్టే గ్లాసులు తెస్తారు.

‘‘ఏం తెలిసింది?’’

‘‘బీరు వాసన’’ అన్నాను.

‘‘అలాంటి వాసన లేదు. విడదీయండి.’’

మళ్లీ చూశాను. మొదట అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు లీలగా గంధకం. అది క్షణంలో పోయింది. దాని వెనకాల కోసిన పచ్చగడ్డి, ఎండిన పూలు, కొంచెం మిరియం. అడుగున పేలపిండి లాంటి కమ్మదనం. వరసగా చెబుతుంటే పెద్దాయన తలాడిస్తూ ఒక్కోదానికీ కారణం చెప్పాడు. గంధకం వాసన చల్లని చోట నెమ్మదిగా పనిచేసే ఈస్ట్‌ది. కొంచెమే ఉండి వెంటనే పోతే తప్పు కాదు. గడ్డి, పూలు, మిరియం వాసనలు బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలవి. పేలపిండి బార్లీ మాల్టుది. అందుకే పోసీ పోయగానే వాసన చూడాలట. ముందుగా వచ్చేవే ముందుగా పోతాయి.

మాల్టు వాసన మనకు కొత్తేమీ కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి దోరగా వేయించి పిండి పట్టిస్తాం కదా. ఆ పిండి కలిపిన జావకు చక్కెర వేయకుండానే ఒక తీపి ఉంటుంది. మొలకెత్తే గింజ తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకునే ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. బార్లీలో జరిగేదీ అదే. జర్మన్లు పిల్స్ అని పిలిచే పిల్స్‌నర్‌కు వాడే బార్లీని మరీ తక్కువ వేడి మీద ఆరబెడతారు. అందుకే రంగు గడ్డిపోచ నుంచి లేత బంగారం దాకా ఉంటుంది.

మా ఇంట్లో వంటమనిషి పనితనం తెలియాలంటే చారు పెట్టించేవాళ్లు. మసాలా కూరలో చాలా తప్పులు దాక్కుంటాయి, చారులో దాక్కునే చోటు లేదు. బీర్లలో పిల్స్‌నర్ అలాంటిది. నీళ్లు, బార్లీ, హాప్స్, ఈస్ట్ తప్ప ఇంకేమీ ఉండవు. ఆల్కహాలు 5 శాతం దగ్గర్లోనే. ముదురు రంగు లేదు, పండ్ల వాసన లేదు. చేసేవాడి చెయ్యి ఎక్కడ జారినా నోటికి తెలిసిపోతుంది.

పుట్టినిల్లు పిల్సెన్, మెట్టినిల్లు జర్మనీ

పేరు చెక్ దేశపు బొహీమియాలోని పిల్సెన్ పట్నానిది. 1838లో ఆ ఊరివాళ్లు, బాగోలేదని 36 పీపాల బీరును పురపాలక భవనం ముందు పారబోశారని చెబుతారు. ఆ తర్వాత ఊరంతా కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియాలోని విల్స్‌హోఫెన్ నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ను పిలిపించుకుంది. 1842 అక్టోబరు 5న ఆయన కాచిన మొదటి విడత బీరు నవంబరులో జనం ముందుకొచ్చింది. అప్పటిదాకా ఆ ప్రాంతంలో బీరంటే ఎక్కువగా ముదురు రంగే. గ్రోల్ చేతికి మూడు మంచి వస్తువులు చిక్కాయి. ఆ ఊరి నీళ్లలో లవణాలు మరీ తక్కువ. దగ్గర్లోనే సాట్స్ హాప్స్. పొగ తగలకుండా ఆరబెట్టిన లేత మాల్టు. బవేరియా పద్ధతిలో అడుగున చేరి చల్లగా పులియబెట్టే ఈస్ట్ తోడవడంతో, గ్లాసులోంచి చెయ్యి కనబడేంత తేటగా బంగారు రంగు బీరు వచ్చింది.

ఆ ఈస్ట్ కథ ఇంకో దేశం దాకా పోతుంది. అది రెండు జాతుల సంకరం. ఒకటి రొట్టెలు పొంగించే ఈస్ట్. రెండోది ఏదో చాలాకాలం తెలియలేదు. 2011లో శాస్త్రవేత్తలు దాన్ని దక్షిణ అమెరికా కొసన పెటగోనియా అడవుల్లో చెట్ల బుడిపెల మీద కనిపెట్టారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1883లో, కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచడం నేర్చాడు. 1870లలో కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రం తయారుచేశాడు. చలికాలపు మంచుగడ్డల కోసం ఎదురుచూసే అవసరం తప్పాక ఈ బీరు ఎక్కడైనా, ఏ కాలంలోనైనా కాచుకునే వీలొచ్చింది.

జర్మన్లు దీన్ని తమ నీళ్లకు, తమ నాలుకకు తగ్గట్టు మార్చుకున్నారు. సాక్సనీలోని రాడెబెర్గ్‌లో 1872లో మొదలైన బ్రూవరీ పిల్స్‌నర్ పద్ధతి బీరునే నమ్ముకుంది. ఐఫెల్ కొండల్లోని బిట్‌బుర్గ్‌లో 1883లో మొదటి పిల్స్ కాచారు. చెక్ పిల్స్‌నర్‌లో మాల్టు ఒక బొద్దు తీపిని వదిలితే, జర్మన్ పిల్స్ ఆ తీపిని చాలావరకు తినేసి పొడిగా ముగుస్తుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ చేదు పెరుగుతుంది. సముద్రతీరపు ఫ్రీస్‌లాండ్‌లోని యేఫర్ ఊరి పిల్స్ అందరికంటే చేదైన వాటిలో ఒకటిగా పేరు పడింది. ఏ హాప్స్ వేస్తారన్నది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. ప్రపంచంలోనే పెద్ద హాప్స్ తోటల ప్రాంతం బవేరియాలోని హల్లెర్‌టావ్. టెట్‌నాంగ్, ష్పాల్ట్ హాప్స్‌కు సున్నితమైన సువాసన పేరు తెచ్చింది.

1516 ఏప్రిల్ 23న బవేరియా ప్రభువులు ఇంగోల్‌ష్టాట్‌లో ప్రకటించిన బీరు శాసనం సంగతి చాలామంది వినే ఉంటారు. బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరోటి వాడకూడదన్నారు. అప్పటికి ఈస్ట్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి దాని ఊసే లేదు. 1906లో అది జర్మనీ అంతటికీ వర్తించింది. మన ఊళ్లలో అమ్మే బంగారు రంగు లాగర్లు కూడా పిల్స్‌నర్ వంశానివే. అయితే బియ్యమో చక్కెరో కలిపి తేలిక చేయడం వాటిలో మామూలు.

ఎండలో ఉన్న సీసా

పెద్దాయన రెండో గ్లాసు జరిపాడు. ‘‘ఇది మొదటిదే. ఒకే పెట్టెలోంచి తీసిన సీసాలు’’ అన్నాడు.

ముక్కు దగ్గర పెట్టగానే తల వెనక్కి తీశాను. కాలిన రబ్బరు, మాగిపోయిన వెల్లుల్లి కలిసిన వాసన. మావాడూ ముఖం చిట్లించాడు. ఆ సీసాను పెద్దాయన మధ్యాహ్నమంతా బాల్కనీలో ఎండలో పెట్టాడట. పచ్చ గాజు సీసా. హాప్స్ నుంచి వచ్చిన చేదు అణువులు, బీరులో సహజంగానే ఉండే రైబోఫ్లేవిన్ విటమిను, పైనుంచి వెలుతురు. ఈ మూడూ కలిస్తే గంధకం ఉన్న ఒక కొత్త పదార్థం పుడుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. ఇంగ్లిష్‌లో దీన్ని ఉత్తర అమెరికాలో దుర్గంధం చిమ్మే స్కంక్ అనే జంతువుతో పోలుస్తారు. మనకు ఆ జంతువు పరిచయం లేదు. కానీ ఆ వాసనను ఒక్కసారి పసిగడితే మళ్లీ మర్చిపోలేం. గోధుమ రంగు సీసా వెలుతురును చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా ఆపలేదు. దుకాణంలో కిటికీ పక్క అరలోంచి బీరు కొనొద్దని ఆయన మావాడికి గట్టిగా చెప్పాడు.

తప్పులను గుర్తుపట్టడం నేర్వనివాడు మంచిని గుర్తుపట్టలేడని ఆయన నమ్మకం. వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఉడికించిన మొక్కజొన్న కండె వాసన వస్తే, కాచేటప్పుడు గట్టిగా, మూత తీసి, తగినంత సేపు మరిగించలేదన్న మాట. లేత మాల్టులో ఆ వాసనకు మూలమైన పదార్థం ఎక్కువ. మరిగితేనే ఆవిరితో పోతుంది. వెన్న వాసన వస్తే, ఈస్ట్ తాను వదిలిన డయాసిటైల్‌ను తిరిగి తినేలోగా బీరును చల్లారబెట్టేసినట్టు. చెక్ పిల్స్‌నర్‌లో కాస్త వెన్న ఉన్నా ఒప్పుకుంటారు. జర్మన్ పిల్స్‌లో మాత్రం అది తప్పు. పచ్చి ఆపిల్ వాసనైతే తొందరపడి సీసాలకెత్తిన బీరు. తడిసిన అట్టపెట్టె వాసనైతే గాలి తగిలి ముసలిదైన బీరు.

పిల్స్ సుమారు 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో పులుస్తుంది. ఆ పైన సున్నా దగ్గర వారాల తరబడి నిదానంగా తేటపడాలి. ఆ ఓపిక లేని బ్రూవరీ ముందు ముక్కుకే దొరికిపోతుంది.

ఈ పాఠంలో నాకు బాగా గుర్తుండిపోయింది చల్లదనం గురించి ఆయన చెప్పింది. మన దగ్గర సీసా మీద మంచు కట్టేంత చల్లగా ఉండకపోతే వెనక్కి పంపేస్తాం. అంత చల్లదనంలో ముక్కు, నాలుక రెండూ మొద్దుబారతాయి. తప్పులూ తెలియవు, గుణమూ తెలియదు. పిల్స్‌ను 6 నుంచి 8 డిగ్రీల మధ్య తాగాలి. గ్లాసు చేతిలో ఉండి కొంచెం వెచ్చబడ్డాకే అసలు బీరు మాట్లాడుతుందని ఆయన మాట. చల్లదనం లేకపోతే ఏమీ లేని బీరుకే మంచు అవసరమని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది.

నురగ సంగతి

నురగ చూడటానికి అందం మాత్రమే కాదు, అది వాసనను పట్టి ఉంచే మూత. బార్లీ ప్రొటీన్లు, హాప్స్ చేదు పదార్థాలు కలిసి ఆ బుడగలకు గోడలు కడతాయి. మంచి పిల్స్ తాగుతూ పోతే ప్రతి గుక్క దగ్గరా గ్లాసు లోపలి గోడకు తెల్లటి వలయం అంటుకుంటుంది. కొవ్వు తగిలితే నురగ కూలిపోతుంది. లిప్‌స్టిక్, చేతికి అంటిన నూనె, సరిగా పోని సబ్బు, ఏదైనా సరే. గ్లాసు గోడకు బుడగలు అంటుకుని కదలకుండా ఉన్నాయంటే కడిగింది సరిగ్గా లేదని అర్థం. మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్న్ట్ లైకే అనే భౌతికశాస్త్రవేత్త, నురగ తగ్గే తీరు రేడియోధార్మిక పదార్థం క్షీణించే సూత్రంలాగే నడుస్తుందని కొలిచి చూపి, నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్‌ను 2002లో అందుకున్నాడు.

పిల్స్ పోయడానికి ఏడు నిమిషాలు కావాలన్న మాట జర్మనీ అంతా వినిపిస్తుంది. పెద్దాయన ఒప్పుకోలేదు. ఏడు నిమిషాలుంటే గ్యాస్ పోయి బీరు చప్పబడుతుంది, రెండు మూడు దఫాలుగా పోస్తే చాలన్నాడు.

చేదు, వగరు, కనరు

అప్పుడు తాగమన్నాడు. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు. బీరు రుచి చూసేవాళ్లు మింగుతారు. చేదు మొత్తంగా తెలిసేది గొంతు దాటాకే. నాలుక మీద ఒక్కో చోట ఒక్కో రుచి అన్న పటం బళ్లో చదువుకున్నాం. అది తప్పని తేలి చాలాకాలమైంది. అయినా మింగిన తర్వాత నోట్లో మిగిలేదే పిల్స్‌కు అసలు పరీక్ష.

చేదును కొలవడానికి ఒక లెక్క ఉంది. లీటరు బీరులో హాప్స్ మరిగి ఇచ్చిన చేదు పదార్థం ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక యూనిట్ అని స్థూలంగా అనుకోవచ్చు. జర్మన్ పిల్స్‌లో 22 నుంచి 40 దాకా, మామూలు అమెరికన్ లాగర్‌లో 8 నుంచి 18 దాకా ఉంటాయి. అంకె ఒకటే అయినా నోట్లో ఒకటిగా ఉండదు. నీళ్లలో సల్ఫేట్ ఎక్కువైతే చేదు పదునెక్కుతుంది. తీపి మిగిలితే అదే చేదు గుండ్రంగా తోస్తుంది. మూడో గ్లాసులో ఆయన చెక్ పిల్స్‌నర్ పోసింది ఈ తేడా చూపడానికే.

మనిషి నోట్లో తీపిని పట్టే గ్రాహకం ఒక్కటే రకం. చేదును పట్టేవి 25 రకాల దాకా ఉన్నాయి. విషం చేదుగా ఉంటుందని శరీరం లక్షల ఏళ్ల నుంచి నేర్చిన పాఠం అది. చేదు ఆలస్యంగా మొదలై, ఆలస్యంగా వదులుతుంది. తీర్పరి చూడాల్సింది ఎంత చేదుగా ఉందని కాదు, అది ఎలా వచ్చింది, ఎక్కడ కూర్చుంది, ఎప్పుడు వెళ్లింది అని.

ఈ మాట దగ్గర నేను కాస్త ఉత్సాహపడ్డాను. ఎందుకంటే మనం చేదును కావాలని పిలుచుకునేవాళ్లం. ఉగాది పొద్దున వేపపువ్వు మనకు మందు కాదు, రుచి. కాకరకాయ చేదును పూర్తిగా పిండేస్తే ఇక అది కాకరకాయే కాదంటాం. పైగా మన భాషలో చేదు పక్కన వగరు ఉంది, కనరు ఉంది. పచ్చి అరటికాయ కోసినప్పుడు, నేరేడుపండు తిన్నప్పుడు నాలుకను ముడిచేసేది వగరు. అది నిజానికి రుచి కాదు, స్పర్శ. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అంటుకుని నోటిని గరుకు చేస్తాయి. ఇక కనరు వేరే. దోసకాయ చివర కొరికితే ఒక్కోసారి నోట్లోంచి పోనని మొరాయించే ఆ రుచి. చేదుకు మర్యాద ఉంది, కనరుకు లేదు.

ఇదంతా మావాడి చేత జర్మన్‌లోకి చెప్పించాను. పెద్దాయన పెన్సిలు పక్కన పెట్టి విన్నాడు. ఆ తేడాలే తాము కాగితం మీద రాయాల్సినవని అన్నాడు. బార్లీ పొట్టును మరీ వేడినీళ్లతో ఎక్కువసేపు కడిగితే పొట్టులోని టానిన్లు దిగి బీరులో వగరు వస్తుంది. పాతబడిన హాప్స్ వాడితే మింగాక కూడా నాలుకను పట్టుకు వేలాడే చేదు వస్తుంది. మన భాషలో కనరు. మంచి హాప్స్ వేసి తీరిగ్గా తేర్చిన పిల్స్‌లో చేదు చుట్టంలా వచ్చి, మర్యాదగా కూర్చుని, తర్వాతి గుక్కకు చోటిచ్చి లేచి వెళ్తుంది.

జర్మన్ వ్యవసాయ సంఘం డీఎల్‌జీ 1885 నుంచి ఉంది. బీర్లకు మార్కులు వేసేటప్పుడు వాళ్లు చూసే అంశాలు ఐదు. వాసన, రుచిలో శుద్ధి, నోటినిండుదనం, గ్యాస్ ఇచ్చే చురుకుదనం, చివరిది చేదు గుణం. చేదు పరిమాణం అనలేదు, గుణం అన్నారు. ఒక్కోదానికి 5 దాకా మార్కులు. అమెరికాలో మొదలైన బీరు తీర్పరుల సంస్థ బీజేసీపీ పద్ధతిలో మొత్తం 50. రుచికి 20, వాసనకు 12, మొత్తంమీద ఎలా అనిపించిందన్నదానికి 10, నోటిలో తగిలే తీరుకు 5, చూపుకు 3. రెండు పద్ధతులూ మంచివే. కానీ చేదుకు విడిగా ఒక గడి కేటాయించిన జర్మన్ కాగితమే పిల్స్‌కు న్యాయం చేస్తుందని నాకనిపించింది. ఒక వస్తువుకు ప్రాణం దేనిలో ఉందో దానికి కాగితం మీద చోటుండాలి.

నాలుగో గ్లాసు

మొదటి గ్లాసుకు మళ్లీ వెళ్లాం. ఈసారి తాగి, మింగి, మాట్లాడకుండా కూర్చోమన్నాడు. ముందు బ్రెడ్డు పొర లాంటి లేత తీపి. వెంటనే బుడగల చురుకు. ఒక క్షణం ఆగి చేదు మొదలై, నాలుక మధ్యలోంచి గొంతు దాకా పాకి, అక్కడ పొడిగా ఆగింది. ఇంకో గుక్క కావాలనిపించింది. మావాడు ఫోన్‌లో సెకన్లు చూస్తున్నాడు. నేను చేదుకు 5 వేశాను. పెద్దాయన కాగితంలో 4 ఉంది. ఎందుకని అడిగితే, ‘‘ఇంకా మంచిది తాగాను’’ అన్నాడు. తన మనసులో ఉన్న ఆ ఒక్క బీరు పేరు మాత్రం చెప్పలేదు.

ఇక నాలుగోది మిగిలింది. వాసన శుభ్రంగా ఉంది, నురగ నిలబడింది. గడ్డివాసన మొదటిదానికంటే కాస్త ఎక్కువే. నాకు నచ్చింది. వాసనకు 5, శుద్ధికి 5 వేసి చేదు గడిలో 4 రాశాను.

పెద్దాయన ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకుని నాలుకను అంగిలికేసి రాశాడు. రెండో గుక్క తాగాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. అటూ ఇటూ చూసి, మావాడికేసి తిరిగి, ఒక మాట కోసం వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిపాడు.

‘‘వా-గా-రూ’’ అన్నాడు.

నేను గ్లాసు ఎత్తి మళ్లీ తాగాను. మింగాక ఈసారి తొందరపడలేదు. చేదు వెళ్లిపోయింది. దాని వెనకాల, నాలుక పక్కల్ని మెల్లగా బిగిస్తూ, నేరేడుపండు తిన్నప్పటి గరుకు మిగిలింది. రాసిన 4ను రబ్బరుతో చెరిపి 3 చేశాను.